బర్రెను విడవని ఈగ

ఈగ అన్న ఒక్క మాట మా బాపు కొంప ముంచింది.

పురానాపూల్ దగ్గర మాకు బర్రెల దొడ్డి ఉండేది. స్థలం కిరాయిది, బర్రెలు మావి. ఎదురుగా కొత్త బిల్డింగ్ లేచింది. పొద్దున్నే గిన్నెలు పట్టుకుని పాలకు వచ్చేదీ ఆ బిల్డింగ్ వాళ్లే, మధ్యాహ్నానికి ఈగలని లొల్లి చేసేదీ వాళ్లే. చివరికి దొడ్డి ఖాళీ చేయించమని స్థలం యజమాని మీద పడ్డారు. ఆయన అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడిస్తానన్నాడు.

నేను కాలేజీలో జువాలజీ చెప్తాను. చదువుకున్నది ఈగల మీదే. ఆ చదువు ఇన్నాళ్లకు బాపుకు అక్కరకొస్తుందని సంబరపడుతూ వెళ్లాను. బిల్డింగ్ మెట్ల కింద పట్టిన పురుగులను సీసాలో వేసి చూపించాను. తేనెటీగ పేరులో ఈగ ఉన్నా దానికి నాలుగు రెక్కలు, అది ఈగ కాదు. దోమకు రెండే, అదీ ఈగల జాతే అన్నాను. ఈ నూగు రెక్కలది మురుగునీటి మోరీ జిగటలో పుడుతుంది, ముందు మీ మోరీ కడుక్కోండి అన్నాను. బర్రె వీపు మీదుండే చిన్న ఈగ వేరు. బర్రె నెత్తురే దాని తిండి, గుడ్లు పెట్టడానికి తప్ప కిందికి దిగదు, మీ ఇళ్లకు దాని మొహం కూడా తెలియదు అన్నాను.

బిల్డింగ్ పెద్దమనిషి ఒకాయన నన్ను ఆపి బాపు వైపు తిరిగాడు.

“గా చదువులన్నీ పక్కకు పెట్టు అన్నా. పేడల ఈగలు పుడ్తయా, లేదా?”

పాలల్లో నీళ్లు కలపడమే చేతకాని మనిషికి అబద్ధం ఎక్కడినుంచి వస్తుంది?

“పుడ్తయ్ సాబ్. పుట్టకుంటె ఎట్ల?” అన్నాడు బాపు.

పేడలో పుట్టే ఆ ఇంటి ఈగే మీరు గల్లీ మూల మీద పారేసే చెత్తలోనూ పుడుతుందని నేను అరిచాను. అప్పటికే అందరూ లేచి చెప్పులు వేసుకుంటున్నారు.

బర్రెలను అమ్మేశాం. లారీ ఎక్కిస్తుంటే కూడా ఆ చిన్న ఈగలు వాటి వీపుల మీద ముసురుకునే ఉన్నాయి. బాపు తువ్వాలతో విసిరాడు. అవి లేచి, మళ్లీ బర్రెల మీదే వాలాయి.

మొన్న ఆ పెద్దమనిషే బజార్లో ఎదురై, “మేడం, ఈగలింక పోలే. ఏం మందు కొట్టాలె?” అని అడిగాడు. సిగ్గూ ఎగ్గూ లేదు. ఒళ్లు మండి అక్కణ్ణుంచి వచ్చేశాను.

ఈ సంగతి చెబితే బాపు నవ్వుతాడనుకున్నాను. ఆయన ముందు ప్యాకెట్ పాల చాయ్ చల్లారుతోంది. గ్లాసు అంచున ఒక ఈగ వాలింది. దాన్ని తోలలేదు.

“గిది వాళ్లదే బిడ్డా,” అన్నాడు. “మనయి బర్రెలెంబడి పోయినయ్. నేనే మిగిలిన.”