అమావాస్య సెలవు

గజపతినగరంలో నేను పనిచేసిన బట్టల కొట్టుకి నెలకి ఒకటే సెలవు, అమావాస్య. ఆ రోజు బజారులో ఎవరూ గజంబద్ద ముట్టుకోరు. కొత్త బట్ట కొనేవాళ్లూ రారు. అమ్మకం లేని రోజు చూసి మాకు విశ్రాంతి ఇచ్చారన్న సంగతి నా బుర్రకి తట్టడానికి చాలాకాలం పట్టింది. తట్టిన దగ్గర్నుంచీ ఆ కోపం నన్ను వదల్లేదు, ఇది రాస్తున్న ఈ రోజుకీ.

షావుకారు నాకు పరాయివాడు కాదు. మా నాన్నకి వరసకి అన్న. నాన్న పోయి, పొందూరు దగ్గర పల్లెలో మా చిన్న కొట్టు మూతపడితే ఆయనే కబురుపెట్టి నన్ను పిలిపించుకున్నాడు. పెదనాన్నా అని పిలిచేవాణ్ణి. వాళ్లింట్లోనే భోజనం, కొట్టు అరుగు మీదే పడక. జీతం మాట ఎత్తితే మాత్రం ఆయన నొచ్చుకునేవాడు.

"ఇంట్లో మనిసికి జీతం ఏటిరా? నీకేటి కావాలో సెప్పు, నేనిస్తాను కదా," అనేవాడు.

అడిగితే ఎంతో కొంత ఇచ్చేవాడు, అబద్ధం ఎందుకు. కాని అడగాలి. అడిగిన ప్రతిసారీ తల దించుకోవాలి. పక్క కొట్ల గుమాస్తాలు దీపాలు పెట్టే వేళకి ఇళ్లకి పోతుంటే నేను తానులు మడతపెడుతూ కూర్చునేవాణ్ణి, ఇంటి మనిషిని కనక. యుద్ధం వచ్చి బట్టకి కరువొచ్చాక పని ఇంకా పెరిగింది. కొట్లో తానులు తక్కువ, తిట్టే జనం ఎక్కువ. ఆ తిట్లు తినే పని కూడా ఇంటి మనిషిదే.

చతుర్దశి నాడు కొట్టు కట్టేశాక రైలెక్కి, విజయనగరంలో బండి మారి, తెల్లారేసరికి ఊరు చేరేవాణ్ణి. అమావాస్య సాయంత్రానికి మళ్లీ బయల్దేరాలి. పాడ్యమి పొద్దున కొట్టు తలుపులు తీసేది నేనే.

ఇందులో మెలిక ఏమిటంటే, అమావాస్య నాడు మా ఇళ్లలో ఏ శుభకార్యమూ చెయ్యరు. పంచాంగం చూసి మంచిరోజు పెట్టుకుంటారు. ఆ మంచిరోజుల్లోనే చుట్టుపక్కల ఊళ్లన్నీ పెళ్లిబట్టలకని మా కొట్టు మీద పడతాయి. అంచేత నా పెళ్లి తప్ప మా ఇంట్లో ఏ మంచి జరిగినా నేను లేను. చెల్లెలి పెళ్లికి మధుపర్కాలు నేనే ఏరి పంపాను. కన్యాదానం చిన్నాన్న చేశాడు. నా కూతుర్ని ఉయ్యాల్లో వేసిన నాడు నేను ఎవరి పెళ్లివాళ్లకో చీరలు విప్పి చూపిస్తున్నాను.

అందుకే అన్నప్రాశనకి మాత్రం వెళ్లి తీరాలనుకున్నాను. ఆడపిల్లకి బేసి నెలలో చెయ్యాలి. ఐదో నెలలో జ్వరం తగిలి ఆగిపోతే ఏడో నెలలో రోజు పెట్టారు. తండ్రి ఉంగరంతో పరమాన్నం తీసి బిడ్డ నాలిక మీద పెట్టాలి. ఆ ఒక్క పనీ ఇంకొకడి చేత చేయించడం నాకిష్టం లేదు. పెదనాన్నని అడిగితే వెంటనే ఒప్పుకున్నాడు.

"ఎల్రా, ఎవులు వద్దన్నారు? తండ్రివి, నువ్వు నేకపోతే ఎలాగ?" అన్నాడు. పాపకి గౌనుకని ఒక పూలగుడ్డ తాను తీసి, చివర తనే కోసి ఇచ్చాడు. ఆ రోజు ఆయన మీద నాకు నిజంగా ప్రేమ కలిగింది.

తీరా బయల్దేరే ముందు పంతులు వచ్చి పెదనాన్న పెద్దకొడుకు పిల్లాడి అన్నప్రాశనకి ముహూర్తం పెట్టాడు. అదే రోజు. మంచి ముహూర్తం అందరికీ ఒక్కటే కదా.

"సూస్తన్నావు కదరా. నేనూ పెద్దోడూ పీటల కాడ ఉంటాం. కొట్టు ఎవులు సూస్తారు? మీ పాపకి ఇంకో రోజు సూడమని కబురెట్టు. మనింట్లో కార్యం, నువ్వు నేకపోతే ఎలాగ?" అన్నాడు పెదనాన్న.

మనిల్లు అన్నాక సర్దుకున్న సంచీ విప్పేశాను. పూలగుడ్డ ఇచ్చి, కార్యం ఆపమని ఊరికి కబురు పంపాను. ఆ పొద్దుట కొట్లో పంచెలు కొలుస్తుంటే వెనక ఇంట్లోంచి మంత్రాలు వినిపిస్తూనే ఉన్నాయి. పెదనాన్న కోడలు, నాకు వదిన, దొప్పలో పరమాన్నం తెచ్చి ఇచ్చింది. తానుల పక్కన పెట్టేశాను, చీమలు పట్టాయి.

ఆ పిల్లాడు అంతకుముందు నుంచే నాకు చేరిక. మర్నాటి నుంచి వదిన పాలన్నం గిన్నె తెచ్చి, వాణ్ణి నా పక్కన చాప మీద దింపడం మొదలుపెట్టింది. "మరిదీ, నా కాడ మూతి బిగించేస్తన్నాడు. నీ సేతికైతే తింతాడు," అనేది. బేరానికీ బేరానికీ మధ్య ఒక్కో ముద్ద పెట్టేవాణ్ణి. వాడు చప్పరిస్తూ నా చొక్కా గుండీలు లాగేవాడు.

ఆ పక్షం చివర అమావాస్యకి ఇంటికి వెళ్లాను. నా భార్య అప్పటికే పరమాన్నం వండి, పిల్లకి పూలగౌను తొడిగి కూర్చుంది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"అమాస పూట పసిబిడ్డకి అన్నం ముట్టిస్తారేటే? నీకు బుద్దుందా?" అంది అమ్మ.

నా భార్య మా మేనమామ కూతురు. అమ్మకి ఎదురు చెప్పడం నేనెన్నడూ వినలేదు. "నాకు తెల్దా అత్తా? బావొచ్చేదే అమాసకి. మంచిరోజు కోసం కూకుంటే దీనికి పెళ్లయిపోతాది గాని బావ మాత్రం రాడు," అంది.

"పంతులు రాడు."

"రాకపోతే మానీ."

అమ్మ లోపలికి వెళ్లి నాన్న ఉంగరం తెచ్చి నా చేతిలో పెట్టింది. "కానియ్యండి, ఆ దేవుడే సూసుకుంతాడు," అంది. అమ్మ గొంతులో భయం నాకు తెలుస్తూనే ఉంది. నాకూ భయంగానే ఉంది.

పిల్లని ఒళ్లో పెట్టుకున్నాను. అది నా మొహంలోకి చూసింది. కింది పెదవి వణికింది. పరమాన్నం అద్దిన ఉంగరం నోటి దగ్గరికి తేగానే మూతి బిగించి, తల తిప్పేసి, రెండు చేతుల్తో నన్ను తోసింది. అన్నం గౌను మీద పడింది. బుజ్జగించి మళ్లీ పెట్టబోతే మొహం కందిపోయేలా ఏడ్చింది. వాళ్లమ్మ ఎత్తుకోగానే ఏడుపు ఆగింది. ఆవిడ నా చేతిలోంచి ఉంగరం తీసుకుని తనే పెట్టింది. పిల్ల నాకింది, మళ్లీ కావాలని నోరు తెరిచింది.

"నీ సెయ్యి ఎరగదు బావా. అంతే," అంది నా భార్య.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బావుండేది, పోట్లాడేవాణ్ణి. పెరట్లోకి వెళ్లి, ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను. సాయంత్రం రైలెక్కేశాను.

పాడ్యమి పొద్దున కొట్టు తలుపులు తీసి చాప పరిచాను. వదిన గిన్నె పెట్టి, పిల్లాణ్ణి దింపి లోపలికి పోయింది. వాడు పాక్కుంటూ వచ్చి నా మోకాలు పట్టుకున్నాడు. పెదనాన్న నవ్వాడు.

"సూసినావా, నిన్నంతా నీకోసమే ఎతికినాడు. అవునుగాని, మీ పాపకి అన్నం ముట్టించేసినావా?"

"అయిపోయింది పెదనాన్నా," అన్నాను.

పిల్లాడు నా మొహంలోకే చూస్తూ నోరు తెరిచాడు. వాడి తప్పేముంది. ముద్ద కలిపి పెట్టాను.