జల్లెడ కింది సూర్యుడు

మా సైన్సు సారు పోయారని ఎల్లారెడ్డి బస్సు కండక్టరు చెప్పాడు. కామారెడ్డి బస్టాండులో కరపత్రాల కట్ట పట్టుకొని ఉన్నాను. కట్టను హోటల్లో పెట్టి తిరుగు బస్సు ఎక్కాను. మధ్యాహ్నం నమాజు తర్వాత సారుకు మట్టి ఇచ్చాం.

ఆయనకు ఆకాశం అంటే పిచ్చి. దుర్భిణి మాత్రం లేదు. రోజూ రేడియో వార్తల ముందొచ్చే కూతలకు వాచీ సరిచేసుకునేవారు. "చూసింది రాయి బేటా, అనుకున్నది రాయకు" అనేవారు. నేనేమో కరపత్రాలు చదివి మూఢనమ్మకాల మీద యుద్ధానికి దిగినవాణ్ణి.

పందొమ్మిది వందల ఎనభైలో మధ్యాహ్నంపూట సూర్యగ్రహణం వచ్చింది. ఎవరి ఊళ్లో అది ఎప్పుడు పట్టి ఎప్పుడు విడిచిందో మామూలు మనుషులే చూసి రాసి పంపాలని హైదరాబాదు నుంచి సారుకు కార్డు అందింది. ఆ వేళలన్నీ కలిపి గీసే పటం మీద మా ఎల్లారెడ్డి కూడా ఒక చుక్క కావాలని ఆయన ఆశ. సారు ఇంటికి పడమటి గోడ అడ్డం. చివరిదాకా ఎండ పడేది పక్కింటి అవ్వ వాకిట్లోనే.

మేం వెళ్లేసరికి అందరిలాగే అవ్వ కూడా పసుపునీళ్ల తాంబాళంలో రోకలి నిలబెట్టడానికి సిద్ధంగా ఉంది. గ్రహణంలో తప్ప అది నిలబడదని నమ్మకం. ఏ రోజైనా నిలబడుతుందని నేను గొంతు చించుకొని, రోకలి మీద చెయ్యి వేయబోయాను. అవ్వ మా ఇద్దర్నీ బయటికి వెళ్లగొట్టి గడియ పెట్టింది. గ్రహణం పట్టే వేళ దగ్గరపడుతోంది.

సారు నన్ను తిట్టలేదు. "రోకలి సంగతి రేపు చూద్దాం. సూర్యుడు రేపటిదాంక ఆగడు" అని, తలుపు దగ్గర మెల్లగా అడిగారు: "అవ్వా, మేం పైకి సూడం. నేల మీదనే సూస్తం. జొన్నల జల్లెడ ఒక్కటియ్యి."

సూర్యుణ్ణి నేల మీద చూసుడేందో తెలుసుకోవాలనే ఆమె తలుపు తీసింది.

జల్లెడ ఎత్తి పట్టుకున్నాను. ఒక్కో రంధ్రం కింద ఒక్కో సూర్యుడు. కాసేపటికి అన్నింటికీ అంచు కొరికినట్టయింది. చూస్తుండగానే వాకిలి నిండా కొడవళ్లు. అవ్వ గొంతుక్కూచుని ముందుకు జరుగుతూ వచ్చింది. చివరికి "విడిచింది సారూ, గుండ్రంగైండు" అని మొదట అన్నది ఆమే. సారు వేళ రాసి, పక్కనే ఆమె పేరు రాశారు.

"నా పేరెందుకు? నాకు సదువు రాదు."

"సూసుడైతే వచ్చు గద అవ్వా."

మర్నాడు ఆమె చేతనే రోకలి నిలబెట్టించారు. నిలబడింది. అవ్వ దాన్ని చూసి, నా వైపు తిరిగింది. "నిన్న గీ ముచ్చట నిమ్మళంగ చెప్తే నీ నోరు పోతుండెనా?" సారు కళ్లజోడు జారేంతగా నవ్వారు.

మూఢనమ్మకాల మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. కానీ కరపత్రంతో ఏ గడప ముందు నిలబడ్డా, ముందు ఆ ఇంటివాళ్లను ఏదో ఒకటి అడిగి తీసుకుంటాను, మంచినీళ్లయినా సరే.

మట్టి ఇచ్చి వచ్చాక అవ్వ దగ్గరికి వెళ్లాను. జొన్నలు జల్లిస్తోంది. నన్ను చూసి, ఖాళీ జల్లెడను ఎండకు ఎత్తింది. నేల నిండా చిన్న చిన్న సూర్యుళ్లు.

"ఇయ్యాల నిండుగున్నడు" అంది. "రాసుకో బిడ్డా."

నేను వాచీ చూసుకున్నాను.