పాదం నేలకు ఆనేదాకా

కొత్త బూట్ల డబ్బా మూత తీయగానే ఒక వాసన వస్తుంది. రబ్బరు, జిగురు, లోపల చుట్టిన పల్చటి కాగితం, మూడూ కలిసిన వాసన. మొన్న జూబిలీహిల్స్‌లో ఒక పెద్ద షాపులో ఆ వాసన తగిలేసరికి నాకు కూర్చోబుద్ధి కాలేదు. మా మేనకోడలు కొత్తగా పరుగు మొదలుపెట్టింది, బూట్లు కొనుక్కోవాలి రమ్మని నన్ను తీసుకెళ్ళింది. అక్కడ ఒక గాజుపలక మీద నిలబడితే ఎదురుగా తెర మీద పాదాల బొమ్మ రంగురంగులుగా కనిపిస్తోంది. బరువు ఎక్కడ ఎక్కువ పడుతోందో, ఎక్కడ తక్కువ పడుతోందో ఆ రంగులు చెబుతాయట. ఆ పిల్ల నవ్వుతూ దాని మీద అటూ ఇటూ ఒరుగుతుంటే నేను బెంచీ మీంచి లేచి షాపంతా తిరగడం మొదలుపెట్టాను. ఇలాంటి తెరలేవీ లేని కాలంలో, అక్కడికి దగ్గర్లోనే ఫిల్మ్‌నగర్‌లో ఒక చీకటి గదిలో, నా పాదాలను నాకు చూపించిన మనిషి గుర్తొచ్చారు. ఆవిడ పేరు కామేశ్వరి. సినిమాలకు ఎడిటర్. నేను ఆవిడ దగ్గర అసిస్టెంటుగా పనిచేశాను.

తొంభైల మొదట్లో ఫిల్మ్‌నగర్ ఇంకా సగం బండలే. ఒక స్థలంలో ఇల్లు లేస్తుంటే పక్క స్థలంలో రాళ్ళు పగలగొడుతూ ఉండేవాళ్ళు. అలాంటి ఒక మేడ కింది భాగం అద్దెకు తీసుకుని కామేశ్వరి గారు ఎడిటింగ్ గది పెట్టారు. ఆవిడది తెనాలి. మద్రాసులో పని నేర్చుకుని, సినిమా వాళ్ళంతా ఇటు తరలివస్తున్నప్పుడు తన ఎడిటింగ్ మెషిన్‌ను లారీలో వేసుకుని వచ్చేశారు. అప్పటికి యాభైకి దగ్గర పడుతున్నారు. ఎప్పుడూ నేత చీరే కట్టేవారు, కళ్ళజోడు మెడలో తాడుకు వేలాడుతుండేది. పని చేసేటప్పుడు కూర్చునేవారు కాదు, నిలబడే ఉండేవారు. కారణం ఏమిటో అప్పట్లో నాకు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. ఆడమనిషి ఎడిటర్ ఏమిటని కొత్త దర్శకులు మొదట్లో కొంచెం తటపటాయించేవాళ్ళు. ఒక రీలు ఆవిడ పక్కన నిలబడి చూశాక ఇక ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు.

నేను కాకినాడ నుంచి వచ్చి శ్రీనగర్ కాలనీలో మా పిన్ని వాళ్ళింట్లో ఉండేదాన్ని. నిలకడ లేని పిల్లనని ఇంట్లో నాకు పేరు. లా చదువు మధ్యలో వదిలేశాను. ఒక వారపత్రికలో చేరి మానేశాను. డబ్బింగ్ ఆఫీసులో కొన్నాళ్ళుండి అదీ మానేశాను. ఫిల్మ్ ముక్కల్ని వరస ప్రకారం కొక్కేలకు తగిలించడం, చెప్పిన చోట అతికించడం ఇక్కడ నా పని. పని ఇష్టమే. కాని మధ్యాహ్నం అయ్యేసరికి ఒంట్లో ఏదో గిలగిల కొట్టుకునేది. గోడలు దగ్గరకు జరుగుతున్నట్టుండేది. ఆ గిలగిల అణచుకోవడానికి రోజూ తెల్లవారగానే పరిగెత్తేదాన్ని. శ్రీనగర్ కాలనీలో బయల్దేరి జూబిలీహిల్స్ ఎత్తులన్నీ ఎక్కి దిగి వచ్చేదాన్ని. చుడీదార్ వేసుకున్న అమ్మాయి ఒంటరిగా రోడ్డు మీద పరిగెత్తడం అప్పట్లో వింత. ఒకసారి పాలాయన సైకిలాపి, ఎవరైనా తరుముతున్నారా అని అడిగాడు. పరిగెత్తిన రోజు ఆ గదిలో ఉండగలిగేదాన్ని. పరిగెత్తని రోజు చేతిలో కత్తెర కూడా నిలిచేది కాదు.

మొదట్లో కాలేజీ నాటి కాన్వాస్ బూట్లతోనే పరిగెత్తాను. అవి చిరిగే దశకు వచ్చాక, అబిడ్స్‌లో అద్దాల బీరువాలో కనిపించిన తెల్లటి బూట్లు కొన్నాను. మడమ కింద ఎత్తుగా, కాలు పెడితే దూదిలో దిగినట్టు మెత్తగా ఉండేవి. చూసినవాళ్ళంతా పరుగంటే ఇలాంటివే ఉండాలన్నారు. నాకూ అలాగే అనిపించింది. కొన్ని వారాలు గడిచాక రెండు కాళ్ళకూ మోకాలికీ చీలమండకూ నడుమ, ముందరి ఎముక లోపలి అంచున నొప్పి మొదలైంది. అలవాటైతే పోతుందని ఇంకా గట్టిగా పరిగెత్తాను. చివరికి మెట్లు దిగాలన్నా పళ్ళు బిగించాల్సి వచ్చింది. డాక్టరు గారు నొక్కి చూసి కొన్నాళ్ళు విశ్రాంతి ఇవ్వమన్నారు. ఆ తర్వాత కూడా నడక చాలునని, ఆడపిల్లకు పరుగెందుకని అన్నారు.

పరుగు ఆగింది. ఇంట్లో ఊరికూరికే పిన్నితో గొడవ పడ్డాను. గదిలో ముక్కలు తారుమారుగా తగిలించాను. ఒక ఉదయం కామేశ్వరి గారి ముందు నిలబడి, పని మానేసి ఊరికి వెళ్ళిపోతానని చెప్పాను. ఎందుకని అడిగారు. కాళ్ళ సంగతి చెప్పాను. పరుగు లేకపోతే ఈ గదిలో ఉండలేనని కూడా చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఆవిడ మెషిన్ ఆపి, ఆ తెల్ల బూట్లు వేసుకుని వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా పరిగెత్తమన్నారు. తాను గోడకు ఆనుకుని వంగి నా కాళ్ళ వంకే చూశారు.

“ఇలా లాభం లేదమ్మా. నువ్వు వేగంగా ఉన్నావు, నా కన్ను నెమ్మది. నిన్ను ఫిల్మ్ మీద చూడాలి. చూశాక వెళ్దువుగాని.”

చలపతి అని ఒక అసిస్టెంట్ కెమెరామన్ ఉండేవాడు. రిపేరుకు వెళ్ళొచ్చిన కెమెరాను పరీక్షించడానికి ఏదో ఒకటి తీయాలి కాబట్టి, షూటింగుల్లో మిగిలిన ఫిల్మ్ ముక్కలతో నన్నే తీయమని కామేశ్వరి గారు ఒప్పించారు. ఆదివారం పొద్దున్నే వెనకాల ఇంకా తారు పడని రోడ్డు మీదికి వెళ్ళాం. అతను ఇసుక మూట మీద కెమెరాను నేలకు ఆనించినట్టు పెట్టి, తెర మీద కదలిక నెమ్మదిగా కనిపించేలా వేగం పెంచి తీశాడు. ముందు తెల్ల బూట్లతో, తర్వాత పాత కాన్వాస్ బూట్లతో, చివరికి వట్టి కాళ్ళతో కెమెరాకు వీపు పెట్టి కొద్దికొద్ది దూరం పరిగెత్తాను. నొప్పి ఎక్కువైతే ఆపెయ్యమని ఆవిడ ప్రతిసారీ చెప్పారు. షేక్‌పేట వైపు మేకల్ని తోలుకుపోతున్న ఒక ముసలాయన ఆగి చూశాడు. “గీ పిక్చర్ల హీరో ఎవరన్నా?” అని చలపతిని అడిగాడు. చలపతి నా పాదాల వైపు చూపించాడు. ముసలాయన కాసేపు వాటినే పరీక్షగా చూసి, “గట్లనా,” అని మేకల వెంట వెళ్ళిపోయాడు.

ల్యాబ్ నుంచి ప్రింటు వచ్చేదాకా నాకు కుదురు లేదు. వచ్చాక చూడాలంటే భయం వేసింది. మెషిన్‌కున్న చిన్న తెర మీద నా వెనకభాగం, నా పిక్కలు, నా దుమ్ము పాదాలు. ఎవరి శరీరమో అన్నట్టు సిగ్గుగా, పరాయిగా ఉంది. కామేశ్వరి గారు మాత్రం వేరే ఏ షాటునైనా చూసినట్టే చూశారు. పాదం నేలను తాకే చోట మెషిన్ ఆపి, చేత్తో చక్రం తిప్పుతూ ఒక్కొక్క బొమ్మనే ముందుకు జరిపారు. మడమ బయటి అంచు నేలకు తగిలింది. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత చీలమండ లోపలికి ఒరగడం మొదలై, ఆగాల్సిన చోట ఆగకుండా, పడిపోతున్న గోడలా ఒరుగుతూనే పోయింది. ఎడమ కాలు మరీ ఎక్కువ. మూడు పరుగుల్నీ పక్కపక్కన అతికించి చూస్తే తేడా స్పష్టంగా తెలిసింది. అన్నిటికన్నా తెల్ల బూట్లలోనే కాలు ఎక్కువ ఒరుగుతోంది. ఆ మెత్తదనం నా బరువుకు లోపలి వైపు నలిగిపోయి, పాదాన్ని ఇంకా కిందికి జారనిస్తోంది.

నాకు ఏడుపొచ్చింది. నా కాళ్ళే వంకరా అని అడిగాను.

“వంకర లేదు, పాడూ లేదు. చాలామంది పాదాలు ఇలాగే ఒరుగుతాయి. నీది కొంచెం ఎక్కువ, అంతే. లోపలి వైపు పట్టుకుని ఆపేది ఏదైనా కావాలి.”

ఇవన్నీ ఆవిడకెలా తెలుసని అడిగాను. ఆవిడ చీర కుచ్చెళ్ళు కొంచెం పైకెత్తారు. ఎడమ కాలి చెప్పు అడుగున అదనంగా ఒక దళసరి అట్ట కుట్టి ఉంది. చిన్నప్పుడు జబ్బు చేసి తుంటి దెబ్బతిందట. ఆ కాలు రెండోదాని కన్నా పొట్టి. ఎక్కువసేపు కూర్చుంటే తుంటి పట్టేస్తుంది కాబట్టి నిలబడతారట. ఇంతకాలం పక్కన పనిచేసీ నేను గమనించలేదు. “నేనెలా నడుస్తున్నానో ఊళ్ళో అందరూ చూసేవాళ్ళు. వాళ్ళు చూస్తుంటే నేనూ వాళ్ళ నడకలు చూడ్డం మొదలుపెట్టాను,” అన్నారు. ఆ మాటలో దిగులేమీ లేదు. పని ఎక్కడ నేర్చుకున్నదీ చెప్పినట్టే చెప్పారు.

ఆ వారమే నన్ను తన కారులో సికింద్రాబాదులో ఒక బూట్ల షాపుకు తీసుకెళ్ళారు. అంతకుముందు తన చెప్పులు చేయించే ఎముకల డాక్టరు గారిని కలిసి, ఎలాంటి బూటు చూడాలో అడిగి తెలుసుకున్నారు. విశ్రాంతి విషయంలో మొదటి డాక్టరు చెప్పింది నిజమేనని ఆయనా అన్నారట. సాయంత్రమే వెళ్ళాం, ఎందుకంటే పొద్దున్నుంచీ తిరిగాక పాదం కాస్త పెరుగుతుంది. పరిగెత్తేటప్పుడు వేసుకునే మేజోళ్ళే వేసుకురమ్మన్నారు. షాపు యజమాని ముందుగా మెత్తటి జతే తీశాడు. “జర కాలు పెట్టి చూడున్రి మేడమ్, దూది లెక్కుంటది.” కామేశ్వరి గారు దాన్ని పక్కన పెట్టి గట్టివి చూపించమన్నారు. ఒక్కొక్క బూటూ తీసుకుని మడమ వెనక వేలితో నొక్కి చూశారు. తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టి చూశారు. ముందు వేళ్ళ దగ్గర వంగాలి గాని మధ్యలో మడత పడకూడదన్నారు. లోపలి అంచు బయటి అంచు కన్నా గట్టిగా ఉందో లేదో చూశారు. నా బొటనవేలి ముందు తన వేలు పట్టేంత జాగా ఉండాలని పట్టుబట్టారు.

నాకు ఓపిక నశించింది. ఏదో ఒకటి తీసుకుని వెళ్ళిపోదామన్నాను. చివరికి మిగిలింది బూడిద రంగులో, మొద్దుగా ఉన్న మగవాళ్ళ జత. నాకు అస్సలు నచ్చలేదు. అవి వేసుకుని బయట వీధిలో పరిగెత్తి రమ్మన్నారు ఆవిడ. యజమాని కంగారుపడి, బూట్లతో అటే పోతే తన గతేమిటన్నాడు. అమ్మాయి వచ్చేదాకా తాను ఇక్కడే ఉంటానని ఆవిడ స్టూలు లాక్కుని కూర్చున్నారు. నేను రిక్షాల మధ్యనుంచి సందు చివరిదాకా పరిగెత్తి వెనక్కి తిరిగాను. ఆవిడ గుమ్మంలోకి వచ్చి, రోడ్డు మీద అంతమంది చూస్తుండగా, గొంతుక్కూర్చుని నా పాదాలను చూస్తున్నారు. తుంటి ఎంత నొప్పి పుట్టిందో ఏమో, నేను దగ్గరికి వచ్చాక లేవడానికి నా భుజం పట్టుకున్నారు. “ఇవి తీసుకో,” అన్నారు.

వెంటనే పరిగెత్తనివ్వలేదు. నొప్పి పూర్తిగా తగ్గేదాకా ఆ బూట్లు డబ్బాలోనే ఉన్నాయి. నా ఒంట్లో గిలగిల మాత్రం తగ్గలేదు. అది చూసి కాబోలు, ఒక సినిమాలోని తరుముకుపోయే సీను నా చేతికిచ్చి కట్ చేయమన్నారు. సొంతంగా చేసిన మొదటి సీను అదే. నా ఒంట్లో ఉన్న తొందరంతా దాన్లో పెట్టాను. ఆవిడ చూసి, రీలు వెనక్కి తిప్పి ఇంకోసారి చూశారు.

“కాలు నేలకు ఆననివ్వు వసుధా. ఆనకముందే కోసేస్తున్నావు. వాడు పరిగెత్తుతున్నాడని నాకు నమ్మకం కుదరడం లేదు.”

మళ్ళీ చేశాను. ఊరికి వెళ్ళిపోయే సంగతి ఆ పనిలో పడి ఎప్పుడు మరిచిపోయానో నాకే గుర్తులేదు. చలికాలం వచ్చేసరికి, బూడిద రంగు బూట్లలో, నడక కొంత, పరుగు కొంత కలిపి మొదలుపెట్టి మళ్ళీ జూబిలీహిల్స్ ఎత్తులు ఎక్కాను. నొప్పి తిరిగి రాలేదు.

ఏళ్ళు గడిచాయి. నేను ఎడిటర్‌నయ్యాను. కంప్యూటర్లు వచ్చి పాత మెషిన్లు మూలన పడుతున్న రోజుల్లో కామేశ్వరి గారి తుంటి పూర్తిగా అరిగిపోయింది. ఆపరేషన్ చేసి కొత్త కీలు పెట్టారు. దాంతో రెండు కాళ్ళూ దాదాపు సమానమయ్యాయి. వచ్చినవాళ్ళంతా ఇప్పుడు కుంటు అస్సలు తెలియడం లేదని సంతోషపడ్డారు. నేను వెళ్ళేసరికి ఆవిడ చిరాగ్గా ఉన్నారు. అంత అసహనంగా ఆవిడను ఎన్నడూ చూడలేదు. అడుగు వేస్తే పడిపోతానేమో అనిపిస్తోందనీ, ఎందుకో తెలియడం లేదనీ అన్నారు. “అందరూ బాగుందంటున్నారు. నువ్వు కింద కూర్చుని చూడు. ఉన్నదున్నట్టు చెప్పు.”

హాల్లో మొజాయిక్ నేల మీద చెంప ఆనించి పడుకున్నాను. ఆవిడ చేతికర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచి, తిరిగి వచ్చారు. బాగుందని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. మరోసారి నడవమన్నాను.

“ఎడమ కాలు ఇంకా పాత నేల కోసం వెతుకుతోంది మేడమ్. అంత లోతుకు దిగకముందే నేల తగిలేసి ఉలిక్కిపడుతోంది.”

ఆవిడ కుర్చీ అంచున కూర్చుని ఆ కాలినే చూసుకున్నారు. యాభై ఏళ్ళు దాటిన అలవాటు మరి. కాసేపటికి ముఖంలో చిరాకు సడలింది. “అదా సంగతి. నేలే దగ్గరికొచ్చిందన్నమాట,” అన్నారు. మళ్ళీ లేచారు. ఈసారి కాలు నెమ్మదిగా దించారు.

ఆవిడ ఇప్పుడు లేరు. నా అశాంతి నన్ను వదల్లేదు. ఇంత వయసొచ్చినా ఒక చోట కాసేపు కుదురుగా కూర్చోలేను. చేస్తున్న పని సగంలో ఉండగానే లేచి పోవాలనిపిస్తుంది. అలా అనిపించిన ప్రతిసారీ, ఇది నాకు సరిపడదని తేల్చేసే ముందు, ఎక్కడ ఒరుగుతున్నానో కాస్త కిందికి వంగి చూస్తాను. చూశాక కొన్నిటిని వదిలేశాను కూడా. కాని చూడకుండా దేన్నీ వదల్లేదు.