క్యాచర్ కోసం మదనపల్లె నుంచి కుప్పం దాకా

మోకాళ్లు బాగున్నవాళ్లు చెయ్యాల్సిన ప్రయాణం ఇది. నాకు ఆ భాగ్యం లేదు. వయసులో ఉన్నన్నాళ్లూ బేస్‌బాల్ జట్టుకు క్యాచర్‌గా ఆడి మోకాళ్లు రెండూ అరగదీసుకుని, ఇప్పుడు ఒక క్రీడా హాస్టల్లో ఆడపిల్లలకు కోచ్‌గా ఉన్నాను. ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. బ్యాటర్ వెనకాల ముఖానికి మాస్కు తగిలించుకుని, ఆట అయ్యేదాకా గొంతుక్కూర్చుని, పిచర్ వేసే బంతుల్ని పట్టేదే క్యాచర్. ఎదుటి జట్టు పిల్ల సందు చూసుకుని రెండో బేస్‌కు పరిగెత్తిందంటే, చటుక్కున లేచి పిచర్ వెనకాల దూరంగా ఉండే ఆ మజిలీకి బంతి విసరాలి. పట్టుకోవడానికి మంచి చేతులు, విసరడానికి మంచి భుజం, ఈ రెండూ ఒకే పిల్లలో ఉండాలి. మా హాస్టల్లో ఉన్న క్యాచర్ చదువు ముగించుకుని వెళ్లిపోయింది. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఒక్క సీటు ఖాళీ అయింది. చదువు, తిండి, వసతి అన్నీ ఉచితం. పదో తరగతి రాసిన ముగ్గురు పిల్లల పేర్లు మూడు ఊళ్ల నుంచి వచ్చాయి. "క్యాచర్‌నే తీసుకురా, ఇంకెవర్నీ వద్దు," అన్నారు మా హెడ్ కోచ్ సారు. ఆయన కుర్చీలో ఉండి చెప్తారు, తిరిగేది నేను కదా!

ముందురోజు సాయంత్రానికే మదనపల్లె చేరి, బస్టాండు దగ్గర ఎనిమిది వందలకు ఒక గది తీసుకున్నాను. ఫ్యాను తిరిగింది గానీ గాలి రాలేదు. పొద్దున ఆరింటికి స్కూలు గ్రౌండుకు ఆటో ఎక్కితే, టమోటా మార్కెట్ వైపు వెళ్లే బండ్ల మధ్య ఇరుక్కుని అడుగు కదల్లేదు. "ఈ టైములో ఇంతేనమ్మా, టమోటాకు దోవ ఇచ్చినాకే మనుసులకు," అన్నాడు ఆటో అతను నవ్వుతూ. వంద తీసుకున్నాడు. మీరు వెళ్లేటట్టయితే ఆ రోడ్డు వదిలి చుట్టూ తిరిగి పోవడమే మేలు.

మదనపల్లె పిల్ల పొడగరి. నాన్న కొత్త మాస్కు, కొత్త ప్యాడ్లు అన్నీ కొనిచ్చాడు. భుజం బాగుంది. కానీ ఎదురుగా బ్యాట్ తిరిగిన ప్రతిసారీ కళ్లు మూసుకుంటోంది. కొందరికి ఆ భయం నెలలో పోతుంది, కొందరికి ఎప్పటికీ పోదు. ఏ రకమో చెప్పలేక, ఫోన్ చేస్తానని వచ్చేశాను. వాళ్ల నాన్న గేటు దాకా వచ్చి దండం పెట్టాడు. నాకే ఏదోలా అనిపించింది.

తొమ్మిదింటి బస్సుకు పుంగనూరు బయల్దేరాను, గంట ప్రయాణం. ఇప్పుడు ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. అందుకే సీటు కూడా లేదు. నిలబడే వెళ్లాను. తీరా స్కూలు చేరితే, అక్కడి పీఈటీ సారు మొహం వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఆ పాప ఇంట్లో వాళ్లంతా పోయిన వారమే బెంగళూరుకు ఎల్లిపోయినారు మేడమ్."

"ఆ మాట ఫోన్లో చెప్పకూడదా సార్?"

"చెప్తే మీరు ఈ పక్కకే రారేమో అని. ఇంకా చిన్న పిల్లోళ్లు ఉండారు, వాళ్లనన్నా సూస్తారని."

ఒళ్లు మండింది. అంతలోనే ఆయన క్యారియర్ విప్పి, తన రాగిముద్ద సగం విరిచి ఊరిబిండితో, అదే శనక్కాయల పచ్చడితో, నా ముందు పెట్టాడు. పొద్దున్నుంచి కడుపులో టీ తప్ప ఏమీ లేదు. ఇక తిట్టడానికి నోరెక్కడిది? ఆయన చెప్పిన చిన్న పిల్లల ఆట కాసేపు చూసి, పేర్లు రాసుకుని లేచాను.

పుంగనూరు నుంచి కుప్పానికి పలమనేరులో బస్సు మారాను. పెద్దపంజాణి దాటాక కిటికీ పక్క సీటు దొరికింది. పలమనేరు నుంచి వి.కోట, శాంతిపురం మీదుగా రెండు గంటలు పట్టింది. దిగేసరికి మూడు. కాళ్లు నావి కావనిపించింది. ఇక్కడా పని జరక్కపోతే ఆ కళ్లు మూసుకునే పిల్లనే రాసిచ్చి, ఇంటికి పోయి పడుకోవాలని నిశ్చయించుకున్నాను.

కుప్పం పిల్ల పేరు కుసుమ. గ్రౌండుకు వాళ్ల అవ్వ కూడా వచ్చింది, ఆవుల్ని పక్కింటివాళ్లకు అప్పజెప్పి మరీ. పీఈటీ రత్నప్ప సారు నన్ను పక్కకు పిలిచి, "ఈ సీటు రాలేదంటే పాపకు సదువు లేదు మేడమ్. హోసూరు పక్క బట్టల కంపెనీకి పంపిస్తామని ఇంట్లో అంటాండారు," అన్నాడు. ఇలాంటివి ఆట చూడకముందే చెప్పొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినరు.

కుసుమ గొంతుక్కూర్చుంది. మొదటి బంతికే నేను ముందుకు వంగాను. ఎడమ చేతికి తొడుక్కున్న మిట్, అదే క్యాచర్ పెట్టుకునే లావుపాటి తోలు గ్లౌజు, బంతి వచ్చే చోట ముందే ఉంటోంది. నేలకు తగిలి లేచే బంతిని ఛాతీతో ఆపుతోంది. "యాడ సూస్తాండావు మే, ఎనక్కి జరుగు!" అని ఫీల్డులో పిల్లల్ని అదిలిస్తోంది. అబ్బ, ఏం చేతులు! కానీ రెండో బేస్‌కు విసరమంటే కథ తిరగబడింది. బంతి దారిలోనే చతికిలబడింది. మళ్లీ వేయించాను. పక్కకు పోయింది. ఎన్నిసార్లు వేయించినా అంతే. అంత ఆట ఉండి భుజం లేకపోతే ఏం చేసేది? నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

నీళ్లు తాగడానికి ఆపాం. ఆ సందులో ఒక వీధికుక్క మిట్ నోట కరుచుకుని లగెత్తింది. స్కూలుకంతా ఉన్న మిట్ అదొక్కటే. పిల్లలు కేకలు పెట్టారు. కుసుమ చేతికందిన బంతి తీసి విసిరింది. గీత గీసినట్టు పోయి సరిగ్గా కుక్క ముక్కు ముందు పడింది. అది బెదిరి మిట్ వదిలేసి పారిపోయింది. అందరూ నవ్వుతున్నారు, నేను తప్ప. ఆ పిల్ల విసిరింది ఎడమ చేత్తో.

"నీది ఎడమచేతివాటమా?" అన్నాను. చెయ్యి వెనక్కి దాచేసుకుంది.

అవ్వ గబగబా వచ్చింది. "లేదమ్మా, లేదు. సిన్నప్పుడు ఉన్నింది, మేము మాన్పించినాము. ఎడంచేత్తో తింటే, ఎడంచేత్తో ఇస్తే నలుగురూ ఏమంటారు? గుడ్డ కట్టి పెట్టినా ఆ చేతికి. ఇప్పుడు అన్నీ కుడిచేత్తోనే."

"ఇంకోసారి ఎడమ చేత్తోనే వెయ్యమ్మా," అన్నాను. పిల్ల అవ్వ వంక చూసింది, కదల్లేదు. అవ్వ ఏమనుకుందో ఏమో, వంగి బంతి ఎత్తి, మనవరాలి ఎడమ చెయ్యి ముందుకు లాగి అరచేతిలో పెట్టింది. "ఎయ్ మే. నేనే సెప్తాండా కదా, ఎయ్."

వేసింది. రెండో బేస్ దగ్గర పట్టుకున్న పిల్ల అరచెయ్యి విదిలించుకుంటూ ఎగిరింది.

నా తలనొప్పి అక్కడే మొదలైంది. మంచి చెయ్యి ఇన్నాళ్లూ మిట్‌లో ఉండబట్టే పట్టడం అంత బాగుంది. ఇప్పుడు ఆ చేతికి విసిరే పని ఇస్తే, పట్టే పని కుడిచేతికి పోతుంది. కుడిచేతి మిట్ మన షాపుల్లో దొరకదు, తెప్పించాలి. పైగా ఎడమచేతి క్యాచర్‌ను ఎవరూ తీసుకోరు, మూడో బేస్‌కు విసరడం కష్టమని. రూల్ ఏమీ లేదు, అలవాటు అంతే. "పిచర్ అవుతావా? ఆ చేతికి అదే సరైన పని," అన్నాను.

"వద్దు మేడమ్. ఈడ కూసుంటే అందురూ కనిపిస్తారు. నేను క్యాచర్‌నే."

"కుడిచేత్తో పట్టడం మొదట్నుంచీ నేర్చుకోవాలి. తెలుసా?"

"కుడిచేత్తో తినేది నేర్చుకున్యా గదా మేడమ్," అంది కుసుమ. "పట్టేది నేర్చుకోలేనా?"

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

నేను హెడ్ కోచ్‌కు ఫోన్ చేశాను. "ఎడమచేతి క్యాచరా? నీకేమన్నా మతి పోయిందా?" అన్నారు. అరగంట వాదించాను. చివరికి మూడు నెలలు ఇచ్చారు. అప్పటికి కుదరకపోతే సీటు ఇంకొకరికి. ఆ మాట దాచకుండా అవ్వకు చెప్పాను. "మూన్నెల్లు నీకాడ పెట్టుకుంటావు కదమ్మా, అది సాలు," అంది. మదనపల్లెకు ఫోన్ చేసి, ఆ పిల్ల నాన్నకు లేదని చెప్పడం ఆ రోజు మొత్తంలో నేను చేసిన అన్నిటికన్నా కష్టమైన పని.

సాయంత్రం కుప్పం స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాను. ఎన్ని టీలు తాగినా ఒంట్లో సత్తువ రాలేదు. సంతోషంగా ఉందా అంటే ఉంది, కానీ దానికన్నా భయమే ఎక్కువగా ఉంది. ఆ పిల్లకు ఇప్పుడు ఉన్నవి మూడు నెలలు, అలవాటు లేని చెయ్యి, మోకాళ్లు అరిగిన నేను. కుదురుతుందో లేదో నాకు తెలియదు. ఒకటి మాత్రం తెలుసు, పనికి రాదని నేను కొట్టేయబోయిన ఆ కుడి భుజం ఆ పిల్లది కానే కాదు, నలుగురూ ఏమంటారోనని పెట్టుకున్నది. మీరు కూడా ఇలా పిల్లల్ని ఎంపిక చెయ్యడానికి వెళ్తుంటే, నేను చెప్పేది ఒక్కటే. మీ పరీక్షలన్నీ పక్కన పెట్టి, అవ్వలూ సార్లూ ఎవరూ చూడని చోట ఆ పిల్ల చేతికి ఒక రాయి ఇచ్చి, నీ ఇష్టమొచ్చినట్టు విసురమ్మా అనండి.