రేసులోకి దిగిన రాజమోహన్

మా ఆత్మకూరు బస్టాండు దగ్గర బాడుగ కార్లు చాలానే ఉన్నా, రాజమోహన్ కారు దర్జా వేరు. విదేశీ కంపెనీది. నెల్లూరు డాక్టరొకాయన వాడి అమ్మేస్తే కొన్నాడు. నడుము నొప్పివాళ్లు, బాలింతలు, ఆపరేషన్ అయి ఇంటికొచ్చే ముసలివాళ్లు ఆ కారే కావాలనేవాళ్లు. లోపల కూర్చుంటే రోడ్డు మీద గుంటలున్న సంగతే తెలిసేది కాదు. మన రోడ్ల మీద తిరిగే కారుకు ఇంతకన్నా పొగడ్త ఏముంటుంది?

రాజమోహన్‌కు మాత్రం అది పొగడ్తలా వినిపించలేదు. ఉదయగిరి పెళ్లికొడుకు నవీన్ ఊరేగింపుకు కారు చూసుకోవడానికి వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి, "ఏందన్నా, ఇది మా తాతల కారు మాదిరి ఉండాది" అని, టాపు లేని జీపు మాట్లాడుకుని పోయాడు. అప్పటినుంచి రాజమోహన్ కోరిక ఒకటే. కుర్రకారు తన కారును చూసి మురిసిపోవాలి.

అంతలో ఫోనులో ఒక వార్త చూశాడు. ఆ కారు చేసే కంపెనీకే ముసలివాళ్ల బండి అన్న పేరు పడిందట. అది పోగొట్టుకోవడానికి ప్రపంచంలోకెల్లా పెద్ద కారు రేసుల్లోకి దిగుతోందట.

"చూసినారా, కంపెనీదీ నాదీ ఒకటే దోవ" అని టీ కొట్టు దగ్గర అందరికీ చూపించాడు. కంపెనీవాళ్లు రేసుకు వేరే కారు చేసుకుంటారు, అమ్మే కార్ల జోలికి పోరు అని చెప్పే ఓపిక మాకు లేదు. చెప్పినా వినే రకం కాదు.

మెకానిక్ కోటేశ్వర్ చేత స్ప్రింగులు కోయించి కారును నేలకు దించాడు. సైలెన్సర్ మార్పించి మోత మోగేది పెట్టించాడు. తలుపుల మీద ఇంతింత లావు అంకెలు వేయించాడు. ఆ సైలెన్సర్ మోతకు అనంతసాగరంలో గొర్రెలు బెదిరాయన్నారు. అది కొంచెం ఎక్కువ చెప్పడమే. ఆత్మకూరులో మేం బెదిరిన మాట మాత్రం నిజం.

సీతారామపురంలో ఒక పెళ్లి బేరం దొరికింది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా కారు అడుగు తగులుతుందని పెళ్లికొడుకును దించి, అవతల మళ్లీ ఎక్కించుకున్నాడు. ఆ పిల్లవాడు కూర్చున్నదానికన్నా నడిచిందే ఎక్కువ. ఇంకో పెళ్లి బేరం రాలేదు. కోసిన స్ప్రింగుల మీద ఒకసారి కూర్చున్న ముసలివాళ్లు కూడా మళ్లీ రాలేదు.

"పేరు మారేదానికి టైం పడతాది. కంపెనీకి మాత్రం ఒక్క రేసులోనే కప్పు వస్తాదా?" అనేవాడు రాజమోహన్.

ఆ తర్వాత అతని తల్లి పిచ్చమ్మకు నెల్లూరులో తుంటి ఆపరేషన్ అయింది. ఇంటికి పంపే రోజున అతను కారు కడిగి, సీటు వెనక్కి వాల్చి, ఆసుపత్రి గుమ్మం ముందు పెట్టాడు. చక్రాల కుర్చీలో వచ్చిన పిచ్చమ్మ కారును పైనుంచి కిందికి చూసింది.

"నాయనా, మన బస్టాండు మునెయ్య వ్యాను పిలిపించు."

"నా కారు ఉండంగా వ్యాను ఎక్కితే ఊరోళ్లు ఏమనుకుంటారమ్మా?"

"ఊరోళ్లు ఏమనుకుంటారోనని నీ దిగులు. ఎముక అతుక్కుంటాదో లేదోనని నాది" అంది ఆమె.

మునెయ్య వ్యాను వచ్చింది. పిచ్చమ్మను పడుకోబెట్టుకుని మెల్లగా కదిలింది. వెనకాలే రాజమోహన్ కారు. వ్యాను ఊగినప్పుడల్లా అతను పెదవి కొరుక్కున్నాడు. దాన్ని దాటిపోవడానికి మనసు రాలేదు.

సంగం దగ్గర కుర్రాళ్లు కొందరు బైకులు ఆపి, ఆ కారును ఫోన్లలో వీడియో తీసుకున్నారు. "అన్నా, సూపర్ ఉండాది" అన్నాడొకడు. రాజమోహన్ అటు తిరగలేదు. అతను ఏడుస్తున్నాడు.