నాయన అడిగిన మాట

వానకు తడిసిన ఈతచాప వాసన తగిలితే నాకు ఇప్పటికీ పుత్తూరు పక్కన మా చిన్న చర్చి గుర్తొస్తుంది. నాయన అక్కడ పాస్టరు. నా చిన్నప్పుడు అమ్మకు కడుపులో గడ్డ లేచింది. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేసినా అమ్మ బతకలేదు.

సమాధి చేసిన మరునాడు సాయంత్రం నాయన కనిపించకపోతే వెతుక్కుంటూ చర్చిలోకి వెళ్లాను. పైకప్పు కారి చాపలన్నీ నానిపోయాయి. ఆ తడిలోనే ఆయన బోర్లా పడి ఉన్నాడు.

"ఉండావా? నువ్వు ఈడ ఉండావా?" అని అడుగుతున్నాడు.

నన్నే అనుకున్నాను. "ఈడనే ఉండా నాయనా" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి తలెత్తాడు. ముఖం ఒక్కసారిగా వెలిగింది. నన్ను చూడగానే ఆరిపోయింది.

"నువ్వా పాపా" అంటూ నన్ను ఒళ్లోకి లాక్కుని గుక్కపట్టి ఏడ్చాడు. నా మాట సరిగా వినబడలేదేమోనని, "ఈడనే ఉండా" అని ఇంకా గట్టిగా చెప్పాను.

ఆయన పిలిచింది దేవుణ్ని అని పెద్దయ్యాకే అర్థమైంది. పోయేదాకా నాయన ప్రతి ఆదివారం వాక్యం చెప్పాడు, భయపడొద్దని అందరికీ ధైర్యం చెప్పాడు. ఆ సాయంత్రం తర్వాత ఎప్పుడైనా బదులు వచ్చిందా అని నేను అడగలేదు. అడిగితే ఆయన నాతో అబద్ధం చెప్పలేడు.