రేపల్లె మిల్లులో నిలువు గీత

ఆ రోజుల్లో అంటే మరీ రాజుల కాలమేం కాదు, నాలుగేళ్ళ కిందటి మాట. మా వృత్తిలో నాలుగేళ్ళంటే పూర్వకాలమే. తెనాలిలో ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో కొత్తగా చేరాను. ప్రోగ్రాములో ప్రతి పేరు పక్కనా అందులో ఉండేది అంకెలా, అక్షరాలా అని చిన్న గుర్తు రాసిపెట్టడం నాకు మహా ఇష్టం. అమ్మ వంటింటి డబ్బాల మీద కందిపప్పు, మినప్పప్పు అని చీటీలు అంటిస్తుందే, అలాగన్నమాట. (పొయ్యికి ఆ చీటీలతో పనిలేదు, కంప్యూటరుకు ఈ గుర్తులతో పనిలేదు, రెండూ మనుషుల కోసమే.) మేం ప్రోగ్రాములు రాసే భాష కొత్త వెర్షన్లో ‘అంకె గానీ, ఖాళీ గానీ’ అని చెప్పడానికి మధ్యలో ఒక్క నిలువు గీత చాలు. అది తెలిసిందే తడవు, సందు దొరికిన చోటల్లా గీశాను.

ఆ గీతలతోనే రేపల్లెలో ఒక బియ్యం మిల్లుకు ధాన్యం లారీలు తూచే ప్రోగ్రాము రాశాను. నన్ను ఒంటరిగా పంపిన మొదటి పని అది. ఆదివారం పొద్దున్నే రైలెక్కి వెళ్ళి, అక్కడున్న పాత ప్రోగ్రామును శుభ్రంగా చెరిపేసి నాది పెట్టాను. కదలదే! ఆ కంప్యూటరు ముసలిది, అందులో భాషా పాతదే, కొత్త వెర్షన్ దానికి ఎక్కదు. పనిలేకపోయినా గుర్తులన్నీ చదవబోయి, నా నిలువు గీత చూసి ఇదేమిటో నాకు తెలియదు పొమ్మంది. కాటా బరువు ఆ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా కనబడదు. తూకం కాకుండా సరుకు షెడ్డులోకి పోకూడదన్నది ఆ మిల్లు ఆచారం. కాటా మీద కర్లపాలెం రైతు ఒకాయన ధాన్యం లారీ, దాని మీద టార్పాలిన్ లేదు, సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. నా గీతల వల్ల ఆయన పంట తడిసిపోతుందని ఏడుపొచ్చేసింది.

“ఏంటమ్మాయ్, ఆగిపోయింది?” అన్నారు మిల్లు యజమాని. నిలువు గీత అన్నాను. ఆ మాట క్షణంలో వాకిలంతా పాకింది.

“ఆ గీతేదో చెరిపెయ్యమ్మా, మబ్బు మీదకొచ్చేస్తంది” అన్నారు రైతు.

“ఒకటి కాదు బాబాయ్, ప్రోగ్రాము నిండా ఉన్నాయండి.”

“అన్నెందుకు గీసుకున్నావు తల్లీ?” అన్నాడు లారీ డ్రైవరు. నేను ఫోన్ అందుకున్నాను.

మా ఆఫీసు నడిపే ఆయనను అందరం అన్నయ్య అంటాం. ఆయనకు ఫోన్ చేస్తే బాపట్లలో చర్చిలో ఉన్నారు, వెనక పాట వినబడుతోంది. “ఆరాధన జరుగుతోందమ్మా, పాట అయ్యేలోపు చెప్పు” అని గుసగుసలాడారు. చెప్పాను. “పిచ్చిపిల్లా, అన్నిటికన్నా పైన ఒక్క లైను రాయి. రాబోయే పద్ధతిని ముందే తెచ్చుకొమ్మని చెప్పే మాట ఆ పాత భాషలోనే ఉంది. ఆ లైను చూస్తే కంప్యూటరు నీ గుర్తుల జోలికి పోదు, అర్థం కాకపోయినా ఊరికే పక్కన పెట్టుకుంటుంది.” పాట అయిపోయింది, ఫోనూ ఆగిపోయింది.

ఆ లైను రాశాను. తెర మీద బరువు పడింది. లారీ షెడ్డులోకి దూరీ దూరగానే టపటపా చినుకులు. “ఏం మంత్రం వేశావమ్మా?” అన్నారు యజమాని. “భవిష్యత్తు నుంచి ఒక ముక్క తెచ్చానండి” అన్నాను గొప్పగా. “అంత దూరం వెళ్ళినదానివి, వాన ఎప్పుడు తగ్గుద్దో కనుక్కురాలేకపోయావా?” అన్నారు రైతు. అందరితో పాటు నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ.

ఇప్పుడు ఆఫీసులో నన్ను అక్కా అంటున్నారు. మొన్న చేరిన అమ్మాయి ఏవో సరికొత్త పద్ధతులు గడగడా చెబుతుంటే సగం తలకెక్కవు. అయినా మొండికెయ్యకుండా తలూపి, తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టుకుంటాను. రేపల్లెలో ఆ ముసలి కంప్యూటరును ఆ రోజు ఎంత తిట్టుకున్నానో! పాపం, దానికి కావలసింది ఒక్క లైనే.